వ్యక్తిత్వాన్ని బట్టి మనసులో భావనల అల్లిక మారుతుందా?

ప్రశ్న (ఎం.ఏ. సైకాలజీ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. మా కోర్సులో జ్ఞాపకశక్తి ఒక పేపరు, వ్యక్తిత్వం మరో పేపరు. మొదటిదాంట్లో మాటల అర్థాలూ లోకజ్ఞానమూ మనసులో ఒకదానితో ఒకటి ముడిపడి ఎలా నిలిచి ఉంటాయో చదివాం. రెండోదాంట్లో బిగ్ ఫైవ్ గుణాల గురించి, అంటే మనిషి వ్యక్తిత్వాన్ని వివరించే ఐదు ప్రధాన గుణాల గురించి చదివాం. ఈ రెండింటికీ పొత్తు ఉందా అన్న ప్రశ్నను మా పుస్తకాలు ఎక్కడా ఎత్తలేదు.

నాకు ఈ ఆలోచన రావడానికి కారణం మా ప్రాక్టికల్ క్లాసు. ఒక నిమిషంలో గుర్తొచ్చినన్ని ప్రాణుల పేర్లు చెప్పమని ఒకరినొకరం అడిగి రాసుకున్నాం. ఒక స్నేహితురాలు "ఆవు, గేదె, మేక, గొర్రె, కుక్క, పిల్లి" అని ఇంటి దగ్గర పెంచేవన్నీ వరుసగా చెప్పి, కాసేపు ఆగి, "పులి, సింహం, ఏనుగు, ఎలుగుబంటి" అంటూ అడవిలోకి వెళ్లింది. ఇంకొక అమ్మాయి "గేదె, కొంగ, చేప, కప్ప, పాము, ముంగిస" అని చెప్పుకుపోయింది. గేదె తర్వాత కొంగ ఎందుకు వచ్చిందని తర్వాత అడిగితే, గేదె వీపు మీద కొంగ వాలుతుంది కదా అంది. చివరికి ఇద్దరూ చెప్పిన పేర్ల సంఖ్య ఇంచుమించు సమానమే. రెండో అమ్మాయి చేతికందిన పుస్తకమల్లా చదువుతుంది, తెలియని సంగీతమైనా కూర్చుని వింటుంది, ఏ కొత్త విషయాన్నీ వదిలిపెట్టదు. ఆమె స్వభావానికీ ఆమె చెప్పిన వరుసకూ సంబంధం ఉందని అనుకోవచ్చా? ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం (కాగ్నిటివ్ సైకాలజీ పరిశోధక విద్యార్థి)

సంబంధం ఉంది. అయితే అది స్పష్టంగా కనిపించింది బిగ్ ఫైవ్‌లోని ఓపెన్‌నెస్ విషయంలో, అంటే కొత్త అనుభవాలనూ కొత్త ఆలోచనలనూ ఇష్టంగా ఆహ్వానించే గుణం విషయంలో. మిగిలిన నాలుగు గుణాల మీద ఈ కోణంలో ఇంత నేరుగా జరిగిన పని నా దృష్టికి రాలేదు కనుక ఓపెన్‌నెస్ గురించే రాస్తాను.

ముందు కొంత నేపథ్యం చెప్పాలి. సొంత అనుభవాల జ్ఞాపకాన్నీ, లోకజ్ఞానానికి సంబంధించిన జ్ఞాపకాన్నీ ఎండెల్ టల్వింగ్ 1972లో వేరుచేసి చూపించాడు. రెండోదానికే సెమాంటిక్ మెమరీ అని పేరు. అంతకుముందే, 1969లో, కాలిన్స్, క్విలియన్ ఈ జ్ఞానం మెట్లమెట్లుగా అమరి ఉంటుందని ప్రతిపాదించారు. ప్రాణి కింద పక్షి, పక్షి కింద ఒక ఫలానా పిట్ట అన్న పద్ధతి అది. 1975లో కాలిన్స్, లాఫ్టస్ ఆ మెట్లను సడలించి, దగ్గరి భావనల మధ్య పొట్టి దారులూ దూరపు భావనల మధ్య పొడుగు దారులూ ఉండే అల్లికగా దాన్ని మార్చారు. ఒక భావన మేల్కొంటే ఆ చురుకుదనం దారుల వెంట పక్కవాటికి పాకుతుందన్నది వారి మాట. ఈ నమూనాలన్నీ మనుషులందరికీ ఒకే అల్లిక ఉంటుందన్నట్టు నడిచాయి. మనిషికీ మనిషికీ ఉండే తేడా వాటికి పట్టలేదు.

ఆ తేడాను ముందుగా పట్టించుకున్నది సృజనశక్తి మీద పనిచేసినవారు. 1962లో శార్నోఫ్ మెడ్నిక్ ఒక ఊహను ముందుకు తెచ్చాడు. "బల్ల" అనగానే కొందరికి "కుర్చీ" బలంగా తట్టి, ఆ తర్వాత వచ్చే మాటలన్నీ బలహీనంగా ఉంటాయి. మరికొందరికి మొదటి మాట అంత బలంగా ఉండదు కాబట్టి దూరపు మాటలకు కూడా చోటు దొరుకుతుంది. సృజనశీలురు రెండో రకమని అతని వాదం. అప్పట్లో దీన్ని అల్లికగా గీసి చూపించే పనిముట్లు లేవు. నెట్‌వర్క్ శాస్త్రం పెరిగాక యోఎడ్ కెనెట్, డేవిడ్ అనకి, మిరియం ఫౌస్ట్ 2014లో ఇజ్రాయెల్‌లో హీబ్రూ మాట్లాడేవారితో ఆ పని చేశారు. సృజనశక్తి తక్కువగా ఉన్న బృందం అల్లిక ఎక్కువ బిగుసుకుని, విడివిడి గుంపులుగా చీలి కనిపించింది.

మీ ప్రశ్నకు నేరుగా తగిలే పరిశోధన 2018లో వచ్చింది. అలెగ్జాండర్ క్రిస్టెన్సెన్, కెనెట్, మరికొందరు కలిసి 516 మంది పెద్దవాళ్ల ఓపెన్‌నెస్‌ను ప్రశ్నావళులతో కొలిచి, మీరు క్లాసులో చేసిన పరీక్షనే వారితోనూ చేయించారు. ఆ గుణం ఎక్కువగా ఉన్న 258 మందిని ఒక బృందంగానూ, తక్కువగా ఉన్న 258 మందిని మరో బృందంగానూ విడదీసి, ఒక్కో బృందానికి ఒక్కో అల్లిక తయారుచేశారు. ఓపెన్‌నెస్ ఎక్కువగా ఉన్నవారి అల్లికలో భావనలు ఒకదానితో ఒకటి ఎక్కువగా కలిసి ఉన్నాయి. వారు సగటున ఎక్కువ పేర్లు చెప్పారు, ఇతరులకు తట్టని పేర్లు కూడా ఎక్కువగానే చెప్పారు.

ఈ అల్లికను కొలవడానికి ముఖ్యంగా మూడు కొలతలు వాడతారు. ఊళ్లూ దారులూ ఉన్న పటం అనుకుంటే సులువుగా అర్థమవుతుంది. ఒక ఊరి నుంచి మరో ఊరికి సగటున ఎన్ని దారులు మారాలన్నది మొదటిది. ఒక ఊరికి పొరుగున ఉన్న ఊళ్లకు తమలో తమకు దారులున్నాయా అన్నది రెండోది. పటం మొత్తం ఒకదానితో ఒకటి అంతగా సంబంధం లేని తాలూకాలుగా ఎంతవరకు విడిపోయిందన్నది మూడోది. మొదటిదీ మూడోదీ తగ్గి, రెండోది పెరిగితే, చుట్టుపక్కల అమరిక చెదరకుండానే దూరపు చోట్లకు త్వరగా చేరుకోవచ్చు. ఓపెన్‌నెస్ ఎక్కువగా ఉన్నవారి అల్లిక ఆ వైపుకు మొగ్గి ఉందన్నది ఆ పరిశోధన సారం.

ఇప్పుడు మీ ఇద్దరు స్నేహితురాళ్ల సంగతి. ఈ పద్ధతిలో ఒక్కొక్కరు చెప్పిన పేర్లను ఒక పట్టికలో పెడతారు. అడ్డంగా మనుషులు, నిలువుగా ప్రాణులు. ఒక పేరు చెప్పి ఉంటే 1, చెప్పకపోతే 0. గేదె చెప్పినవారే కొంగను కూడా చెబుతున్నారా అన్నది లెక్కించి, ఆ రెంటి మధ్య దారి గీయాలో వద్దో తేలుస్తారు. మీరు గమనించారో లేదో, ఈ పట్టికలో వరుసకు చోటే లేదు. మీకు ఆశ్చర్యం కలిగించింది గేదె వెంటనే కొంగ రావడం. ఆ పట్టికకు మాత్రం కొంగ రెండో మాటగా వచ్చినా పదిహేనో మాటగా వచ్చినా ఒకటే. పైగా అక్కడ గీసింది 258 మంది ఉమ్మడి అల్లిక. ఒక మనిషి ఒక నిమిషంలో చెప్పిన ఇరవై పేర్లతో ఆ మనిషి మనసులోని అల్లికను గీయడం ఈ పద్ధతికి సాధ్యం కాదు. కాబట్టి మీ రెండో స్నేహితురాలి వరుసను ఆ పరిశోధనకు ఉదాహరణగా చూపించవద్దని నా సలహా. మీరు గమనించింది విలువైనదే, కానీ అది వేరే ప్రశ్నకు చెందినది.

సమాధానం (క్లినికల్ సైకాలజిస్టు)

పై సమాధానం చక్కగా ఉంది. ఆసుపత్రిలో ఈ పరీక్షను రోజూ చేయించేదాన్ని కనుక, దాన్ని వ్యక్తిత్వానికి ముడిపెట్టేముందు చూసుకోవలసిన ఒక విషయాన్ని నేను జోడిస్తాను. మా దగ్గర ఈ పరీక్ష మతిమరుపు జబ్బులనూ, మెదడుకు దెబ్బ తగిలాక వచ్చే ఇబ్బందులనూ అంచనా వేయడానికి పనికొస్తుంది. అలా వాడేటప్పుడు మేము మొట్టమొదట అడిగేది ఆ మనిషి ఏం చదువుకున్నారు, ఎక్కడ పెరిగారు, ఏ పని చేశారు అన్నవే.

పోర్చుగల్‌లో అక్షరాస్యులనూ నిరక్షరాస్యులనూ పోలుస్తూ 2004లో ఒక పరిశోధన ప్రచురితమైంది. జంతువుల పేర్లు అడిగినప్పుడు నిరక్షరాస్యులు తక్కువ పేర్లు చెప్పారు. సూపర్‌మార్కెట్‌లో దొరికే తినే వస్తువులు చెప్పమన్నప్పుడు మాత్రం రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జంతువుల జాబితా మనకు చాలావరకు బడిలోనూ పుస్తకాల్లోనూ అబ్బుతుంది, సరుకుల జాబితా రోజువారీ బతుకులో అబ్బుతుంది. ఏ వర్గం అడిగామన్నదాన్ని బట్టి ఫలితమే మారిపోగలదని అది చూపిస్తోంది.

మన దగ్గర నేను తరచూ చూసేదొకటి చెబుతాను. కొందరు "ఉడుత, ఎలుక, ఏనుగు, ఒంటె" అని మొదలుపెడతారు. పైపైన చూస్తే ఎలుక పక్కన ఏనుగు, ఏనుగు పక్కన ఒంటె రావడం ఎంతో విచిత్రమైన దూకుడులా ఉంటుంది. అది అక్షరాల పటంలో ఉ, ఎ, ఏ, ఒ పక్కన ఉండే బొమ్మల వరుస. అలాగే ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు "టైగర్, లయన్, జీబ్రా, జిరాఫీ" అని ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఇంటి దగ్గర చూసేవాటికి వచ్చేసరికి తెలుగులోకి మారతారు. కృష్ణా లంకల్లో పెరిగినవారికి గేదె, కొంగ, చేప ఒకే దృశ్యం. అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లకు అది మూడు పుస్తకాల్లోని మూడు బొమ్మలు. మీ రెండో స్నేహితురాలు పల్లెలో పెరిగారా అని అడిగి చూడండి. ఆమె వరుసకు కారణం స్వభావం కంటే ముందు ఊరి చెరువు కావచ్చు.

ఓపెన్‌నెస్ ఎక్కువగా ఉన్నవారికి లోకజ్ఞానం కూడా ఎక్కువగా ఉంటుందన్నది చాలా పరిశోధనల్లో కనిపించిన విషయం. ఎక్కువ తెలిసినవారి అల్లిక చిక్కగా ఉండటంలో వింత లేదు. అందువల్ల అల్లికలోని తేడా ఆ గుణం వల్ల వచ్చిందా, ఆ గుణం వల్ల పోగైన జ్ఞానం వల్ల వచ్చిందా అన్న ప్రశ్నకు నా మటుకు నాకు పూర్తి తృప్తి కలిగించే జవాబు ఆ 2018 పరిశోధనలో లేదు.

అడిగినవారి నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. పట్టికలో వరుసకు చోటు లేదన్న మాట నా కళ్లు తెరిపించింది. ఆ అమ్మాయి తాతగారిది చెరువుగట్టు ఊరేనని, సెలవులన్నీ అక్కడే గడిచేవని అడిగితే తెలిసింది. మరో రెండు సందేహాలున్నాయి. మనుషుల మధ్య తేడా అల్లికలో ఉందా, లేక అల్లిక ఒకటే అయినా దాంట్లో వెతికే తీరులో ఉందా? ఇంకొకటి, త్వరగా దిగులుపడే స్వభావం, అంటే న్యూరాటిసిజం ఎక్కువగా ఉన్నవారి విషయంలో భావనల అమరిక గురించి ఏమైనా తెలుసా?

సమాధానం (సైకాలజీ అధ్యాపకుడు, విశ్రాంత)

అమ్మా, మీ మొదటి సందేహం ఈ రంగంలో ఇప్పటికీ రగులుతున్న వివాదమే. 1997లో ట్రోయర్, మాస్కొవిచ్, వినోకర్ ఈ పరీక్షలో రెండు పనులను విడదీసి చూపించారు. ఒక గుంపులోని పేర్లను వరుసగా తోడుకోవడం ఒకటి, అది అయిపోగానే మరో గుంపుకు మారడం రెండోది. 2012లో హిల్స్, జోన్స్, టాడ్ దీన్ని మేతకోసం తిరిగే ప్రాణులు ఒక చోట మేత తగ్గగానే ఇంకో చోటికి మారే తీరుతో పోల్చి, ఎప్పుడు మారాలో మనసు నిర్ణయించుకుంటుందన్నట్టు వివరించారు. 2015లో ఎబట్, ఆస్టర్‌వైల్, గ్రిఫిత్స్ దానికి గట్టి ఎదురువాదం చేశారు. అల్లిక సరిగ్గా ఉంటే, దాని మీద గమ్యం లేకుండా ఊరికే తిరిగినా అచ్చం అలాంటి వరుసే పుడుతుందని వారు లెక్క వేసి చూపించారు. అంటే బయటికి వచ్చిన పేర్ల వరుసను మాత్రమే చూసి, అది అల్లిక గొప్పా వెతికే తీరు గొప్పా అని తేల్చడం చాలా కష్టం.

మెడ్నిక్ ఊహను కూడా బెనెడెక్, నోయ్‌బావర్ 2013లో తిరిగి పరీక్షించారు. సృజనశీలురకూ ఇతరులకూ మాటల బలాబలాల క్రమంలో తేడా దొరకలేదు. సృజనశీలురు అదే దారిన వేగంగా నడిచి, అందువల్ల అరుదైన మాటల దాకా చేరుకున్నారు. అంచేత "స్వభావాన్ని బట్టి అల్లికే వేరు" అని ఇప్పుడే రాసుకోకండి. నా అభిప్రాయంలో రెండూ కలిసే పనిచేస్తాయి, కానీ వాటి పాళ్లు విడదీయాలంటే ఒకే మనిషి దగ్గర ఎన్నో వర్గాల్లో, ఎన్నో మాటలకు జవాబులు సేకరించాలి.

ఇక న్యూరాటిసిజం. ఇక్కడ నేను కాస్త విస్తరించి రాస్తాను, ఎందుకంటే మీరు ఎత్తిన అసలు ప్రశ్నకు ఇంతవరకు చర్చలో రాని మరో ముఖం ఇందులో ఉంది. ప్రాణుల పేర్ల మీద స్వభావం ముద్ర పలుచగా ఉంటుంది. మనిషి తన గురించీ తన చుట్టూ ఉన్న మనుషుల గురించీ పెట్టుకున్న భావనల మీద ఆ ముద్ర చాలా చిక్కగా పడుతుంది. రోజర్స్, కైపర్, కర్కర్ 1977లో కొన్ని గుణవాచకాలను చూపించి, కొన్నింటి విషయంలో ఆ మాట అర్థం గురించి అడిగారు, మరికొన్నింటి విషయంలో "ఈ మాట మీకు వర్తిస్తుందా?" అని అడిగారు. తమకు వర్తించి చూసుకున్న మాటలే ఎక్కువగా గుర్తున్నాయి. తన గురించిన భావనల సముదాయం కొత్తగా వచ్చిన మాటను అంత బలంగా పట్టుకుంటుందన్నమాట. 1981లో డెరీ, కైపర్ అదే పద్ధతిని డిప్రెషన్‌తో చికిత్స పొందుతున్నవారితో ప్రయోగించారు. అలా తమకు వర్తింపజేసుకున్న మాటల్లో "నిస్సహాయం", "దిగులు" వంటివి వారికి ఎక్కువగా గుర్తున్నాయి. డిప్రెషన్ లేనివారిలో అందుకు విరుద్ధంగా జరిగింది. అదే ఏడాది గోర్డన్ బవర్ హిప్నాటిజంతో సంతోషాన్నో విచారాన్నో కలిగించి, ఆ మనఃస్థితికి తగిన జ్ఞాపకాలే సులువుగా పైకి వస్తాయని చూపించి, భావోద్వేగాలను కూడా అల్లికలోని ముడులుగా భావించాలన్నాడు. ఆ తర్వాతి ప్రయోగాలు అతని ఫలితాలన్నింటినీ నిలబెట్టలేదు కానీ, మనఃస్థితికి తగ్గట్టు జ్ఞాపకం రావడమన్నది మాత్రం నిలిచింది. ఇవి డిప్రెషన్ మీదా తాత్కాలిక మనఃస్థితుల మీదా జరిగినవన్నది మరచిపోవద్దు. న్యూరాటిసిజం అనేది ఏళ్ల తరబడి నిలిచే స్వభావం. ఒకదాని ఫలితాన్ని మరొకదానికి అలాగే అంటగట్టలేం.

మనుషుల గురించిన భావనల అమరికను ఒక్కొక్క మనిషికి విడివిడిగా చూడాలంటే జార్జ్ కెల్లీ 1955లో రూపొందించిన రెపర్టరీ గ్రిడ్ ఇప్పటికీ మంచి పనిముట్టు. మీకు బాగా తెలిసిన ముగ్గురి పేర్లు రాసి, ఏ ఇద్దరు ఏ విషయంలో ఒకటై, మూడోవారు ఎలా వేరు అన్నది చెప్పమంటారు. మా విద్యార్థుల్లో ఒకరు "అమ్మ, మేనమామ ఇచ్చిన మాట మీద నిలబడతారు, బాబాయి ఎటు గాలి వీస్తే అటు" అన్నారు. ఇలా మనుషులను మార్చి మార్చి అడుగుతూ పోతే, మాట నిలకడ అన్న ఒక్క కొలబద్దతోనే ఆయన చుట్టాలందరినీ తూస్తున్నారని పట్టికలో కనిపించింది. మరొక విద్యార్థిని ఒక్కొక్కరికి ఒక్కో కొలబద్ద తీసింది. స్వభావానికీ భావనల అమరికకూ ఉన్న సంబంధం నాకు అక్కడ కనిపించినంత దగ్గరగా జంతువుల పేర్లలో ఎన్నడూ కనిపించలేదు.

సమాధానం (కాగ్నిటివ్ సైకాలజీ పరిశోధక విద్యార్థి)

మాస్టారు చెప్పిన గ్రిడ్ సలహా చాలా బాగుంది, ధన్యవాదాలు. పైన క్లినికల్ సైకాలజిస్టు గారు ఎత్తిన కారణకార్యాల ప్రశ్నకు ఉపయోగపడే పరిశోధన ఒకటి ఉంది. లిడన్-స్టేలీ, బాసెట్, మరికొందరు 2021లో ప్రచురించిన పనిలో 149 మంది 21 రోజుల పాటు రోజుకు 15 నిమిషాలు వికీపీడియాలో తమకు నచ్చినట్టు చదివారు. వారు ఏ పేజీ నుంచి ఏ పేజీకి వెళ్లారన్నదాని నుంచి ఒక్కొక్కరికి ఒక్కో అల్లిక గీశారు. ఏదైనా తెలియకపోతే అది తేలేదాకా మనసు నిలవని రకం జిజ్ఞాస ఉన్నవారి అల్లికలు బిగువుగా, ఒకదానికొకటి దగ్గరి విషయాలతో నిండి ఉన్నాయి. ఇది జ్ఞాపకంలోని అల్లిక కాదు. కానీ స్వభావం జ్ఞానాన్ని పోగుచేసే తీరును మారుస్తోందని, ఆ తీరు మెల్లగా అల్లికనూ మార్చగలదని ఊహించడానికి ఇది ఆధారమవుతుంది.

మీరు దీన్ని డిసర్టేషన్‌గా చేయదలచుకుంటే, జంతువులతో పాటు సంతలో దొరికే వస్తువులు, పెళ్లిలో కనిపించే వస్తువులు వంటి వర్గాలను కూడా పెట్టుకోండి. బడి చదువు తక్కువగా ఉన్నవారికి కూడా అవి సమానంగా అందుబాటులో ఉంటాయి. చెప్పిన మాట ఏ భాషలో వచ్చిందో అలాగే రాసుకోండి, తర్వాత తెలుగులోకి మార్చి సరిచేయకండి. సాధారణ జ్ఞానాన్నీ పదసంపదనూ విడిగా కొలవకపోతే, ఓపెన్‌నెస్ దగ్గర మీకు తేడా కనిపించినా అది దేని తేడానో చెప్పలేరు. అన్నిటికంటే ముఖ్యంగా, జవాబులను చేత్తో రాసుకోకుండా రికార్డు చేయండి. గేదెకూ కొంగకూ మధ్య ఎన్ని క్షణాల విరామం ఉంది, పిల్లికీ పులికీ మధ్య ఎన్ని క్షణాలు ఆగారు అన్నది రికార్డులోనే దొరుకుతుంది. పట్టిక పారేసిన వరుసను తిరిగి రాబట్టుకోవడానికీ, మాస్టారు చెప్పిన వివాదంలో మీ వంతు ఆధారం చేర్చడానికీ ఆ విరామాలే పనికొస్తాయి.